‘ఒక కాన్పు అయితే తగ్గిపోతుంది’ అన్న మాట గురించి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక మహిళల పేజీలో ఈమధ్య నెలసరి నొప్పి మీద వచ్చిన ప్రశ్న, జవాబు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నెలనెలా మొదటి రెండు రోజులూ కాలేజీకి వెళ్లలేనంత కడుపునొప్పి వస్తున్నదని పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఒకరు రాశారు. వేడినీళ్ల సంచి పెట్టుకోవాలని, నడక మంచిదని చెప్పిన తరువాత, జవాబు చివర ‘పెళ్లయి ఒక కాన్పు అయితే ఈ నొప్పి దానంతటదే తగ్గిపోతుంది’ అన్న వాక్యం ఒకటి చేర్చారు. ముందు చెప్పిన సలహాలతో నాకు పేచీ లేదు. ఆ చివరి వాక్యం మీదనే నా అభ్యంతరం. అభ్యంతరం చెప్పే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ విశాఖపట్నంలోనే ప్రభుత్వ ప్రసూతి వార్డులలో ముప్పై ఏడేళ్లు నర్సుగా పనిచేసి 2021లో రిటైరైన నేను, అదే వాక్యాన్ని ఎన్ని వందల మందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. కన్నకూతురికి కూడా చెప్పాను.

ఆ మాట పూర్తిగా అబద్ధమని అనడం లేదు. ఈడేరిన ఏడాది రెండేళ్లలో మొదలై, ముట్టు కనబడే ముందో కనబడిన వెంటనేనో పట్టుకుని, ఒకటి నుంచి మూడు రోజులలో వదిలిపోయే నొప్పి చాలామంది ఆడపిల్లలకు గర్భసంచిలో ఏ జబ్బూ లేకుండానే వస్తుంది. అండం విడుదలైన నెలలో గర్భసంచి లోపలి పొర దళసరిగా పెరిగి, గర్భం నిలవకపోతే రాలిపోతుంది. రాలే సమయంలో ఆ పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. వాటి ప్రభావంతో గర్భసంచి కండరం గట్టిగా ముడుచుకుంటుంది, అలా ముడుచుకున్నప్పుడల్లా ఆ కండరానికే రక్తం అందడం తగ్గుతుంది. రక్తం చాలనప్పుడు గుండె కండరం ఎందుకు నొప్పి పెడుతుందో గర్భసంచి కూడా అందుకే నొప్పి పెడుతుంది. ‘ఆడపిల్ల అన్నాక ఆ మాత్రం ఓర్చుకోవాలి’ అనేవారు ఈ పోలికను ఒకసారి ఆలోచించాలి. ఛాతీ పట్టుకుని కూర్చున్న మగవాడికి ఆ మాట ఎవరూ చెప్పరు.

ఈ రకం నొప్పి ఒకటి రెండు కాన్పుల తరువాత చాలామందికి తగ్గడం నేను కళ్లారా చూసినదే. ఎందుకు తగ్గుతుందని అడిగితే మా ట్రైనింగు రోజుల్లో చెప్పుకున్న జవాబు ఒకటే: బిడ్డ పుట్టేటప్పుడు గర్భాశయ ముఖద్వారం సాగుతుంది కనుక ఆ తరువాత ముట్టు రక్తం సులువుగా దిగిపోతుందని. గుండ్రని సన్న రంధ్రంలా ఉండే ఆ ద్వారం సాధారణ కాన్పు తరువాత అడ్డచీలికలా మారే మాట నిజమే, పరీక్ష చేసేవారి కంటికి కనబడుతుంది కూడా. అయితే నొప్పికి అసలు మూలం కండరం ముడుచుకోవడంలో ఉంది కనుక ద్వారం వెడల్పు ఒక్కటే చాలిన జవాబు కాదు. నెలలు నిండే కొద్దీ గర్భసంచి గోడలోని సన్నని నరాలు చాలావరకు క్షీణించి, కాన్పు తరువాత మునుపటంత దట్టంగా తిరిగి పెరగవన్నది వైద్యులు చెప్పే మరో వివరణ. వీటికి తోడు వయసు ఒకటి. పదిహేడు, పద్దెనిమిదేళ్లప్పుడు ఉన్నంత నొప్పి ముప్పై ఏళ్లకు సాధారణంగా ఉండదు, పిల్లలు లేనివారికి కూడా. మన దగ్గర కాన్పులు సరిగ్గా ఈ మధ్య వయసులోనే జరుగుతాయి గనుక వయసు చేసిన మేలు కూడా కాన్పు ఖాతాలోకే పోతుంది.

మరో లెక్క కూడా ఇక్కడే తప్పుతుంది. బాలింతకు ముట్టు తిరిగి ఎప్పుడు వస్తుందన్నది పాలివ్వడాన్ని బట్టి ఉంటుంది. పోతపాలు పట్టే తల్లికి ఆరు నుంచి ఎనిమిది వారాలలోనే రావచ్చు. తన పాలే ఇచ్చే తల్లికి ప్రోలాక్టిన్ అనే హార్మోన్ అండం విడుదలను ఆపి ఉంచుతుంది కనుక నెలల తరబడి, కొందరికి ఏడాది దాటినా రాదు. వచ్చిన కొత్తలో ఒకటి రెండు ముట్లు చాలాసార్లు అండం విడుదల కాకుండానే వస్తాయి. అటువంటి ముట్టుకు నొప్పి తక్కువ. ‘చూశావా, కాన్పుతో పోయింది’ అని ఇంట్లోవాళ్లు సంబరపడేది ఆ నెలల్లోనే. బిడ్డకు పాలు మాన్పించి, అండం క్రమంగా విడుదల కావడం మొదలైన తరువాత పాత నొప్పి తిరిగి వస్తే ఆ తల్లి దాన్ని కొత్త జబ్బనుకుని భయపడుతుంది, లేదా చెబితే నవ్వుతారని ఊరుకుంటుంది. కాన్పు నొప్పులే పడ్డదానివి, ఇదొక లెక్కా అనే పెద్దవాళ్లు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. (మొదటి ముట్టుకు ముందే అండం విడుదల కావచ్చు, కాబట్టి ముట్టు రాలేదు కదా, గర్భం రాదనుకోవడం పొరపాటని కూడా ఇక్కడే చెప్పి పెడుతున్నాను, ఆ ధీమాతో ఏడాది తిరక్కుండా మళ్లీ వార్డుకు వచ్చినవారిని చాలామందిని చూశాను.)

ఇంతకూ నేను చెప్పదలచినది ఏమంటే, కాన్పు తరువాత నొప్పి తగ్గిందా పెరిగిందా అని అడిగి ఊరుకుంటే చాలదు. నొప్పి చోటు మారవచ్చు, వచ్చే రోజు మారవచ్చు, తీరు మారవచ్చు. ఆ మార్పు ఎవరైనా కూర్చుని అడిగితే తప్ప బయటపడదు.

మా అమ్మాయికి మొదటి బిడ్డ 2013లో సాధారణ కాన్పులోనే పుట్టింది. ఇంటర్ చదివే రోజుల్లో ముట్టు వచ్చిన నాడు మంచం మీద మెలికలు తిరిగిపోయిన పిల్ల, ఆ తరువాత నాలుగేళ్లు ఒక్క మాత్ర కూడా వేసుకోకుండా ఉద్యోగానికి వెళ్లి వచ్చింది. నా మాట నిజమైందని నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది. 2018లో రెండో కాన్పుకు బిడ్డ అడ్డం తిరగడంతో పెద్దాపరేషన్ చేయవలసి వచ్చింది. దాదాపు ఏడాదిన్నర గడిచాక, మధురవాడలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, కుట్టు ఎడమ చివర నొప్పిగా ఉంటోందని, తడిమితే చింతగింజంత గట్టిగా తగులుతోందని చెప్పింది. లోపలి కుట్టు దారం చుట్టూ గట్టిపడి ఉంటుంది, కొన్నాళ్లకు అదే కరిగిపోతుంది అన్నాను. అలాంటివి వార్డులో చాలా చూసిన అనుభవంతోనే అన్నాను. అంతలో కరోనా వచ్చిపడి, ఎవరమూ ఆసుపత్రి గడప తొక్కలేదు. గడ్డ కరగకపోగా ఉసిరికాయంత అయింది. అసలు సంగతి పట్టుకున్నది నేను కాదు, మా అల్లుడు. వాళ్ల వంటింటి గోడ మీది క్యాలెండరులో పాల లెక్కలు, గ్యాస్ బండ వచ్చిన తేదీలతోపాటు మా అమ్మాయి ముట్టు తేదీలకు ఎర్రచుక్క పెడుతూ ఉంటుంది. ‘అత్తయ్యగారూ, గడ్డ నొప్పి అని తను సెలవు పెట్టిన రోజులన్నీ ఈ చుక్కల పక్కనే ఉన్నాయండీ’ అని అతను ఒక ఆదివారం పేజీలు తిప్పి చూపించాడు. ఈ నొప్పి నెలలో ఏ రోజుల్లో వస్తోంది అన్న ప్రశ్న, ముప్పై ఏడేళ్ల సర్వీసు ఉన్న నాకు తట్టలేదు.

పరీక్షలో తేలినది సిజేరియన్ మచ్చలో ఏర్పడిన ఎండోమెట్రియోసిస్. పెద్దాపరేషన్ సమయంలో గర్భసంచి లోపలి పొర కణాలు కొన్ని పొట్టగోడ కోతలో చిక్కుకుని అక్కడే నాటుకుంటే, అవి గర్భసంచిలో చేసే పనినే అక్కడా చేస్తాయి. నెలనెలా ఉబ్బుతాయి, నెత్తురు చెమరుస్తాయి, బయటికి దారి లేక నొప్పి పెడతాయి. అరుదుగా జరిగే విషయమే, ఆపరేషన్ చేసినవారి నిర్లక్ష్యమని చెప్పడానికి లేదు. గడ్డను చుట్టూ కొంత మంచి కండతో సహా తీసివేసి, ముక్కను పరీక్షకు పంపి నిర్ధారించారు. 2022 నుంచి ఆమెకు ఆ బాధ లేదు. మధ్యలో పోయిన రెండేళ్లలో కరోనా వాటా కొంత, ‘అదే పోతుందిలే’ అన్న నా నోటి వాటా కొంత.

మచ్చలో గడ్డ అరుదు కావచ్చు గాని పెద్దాపరేషన్ మన రాష్ట్రంలో అరుదు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఆ లెక్క 21.5 శాతం. గర్భసంచి గోడ మీద కోత మానిన చోట కొందరికి లోపలివైపు చిన్న గుంట మిగిలిపోతుంది. ముట్టు రక్తం కొంత ఆ గుంటలో నిలిచి, ముట్టు స్నానం అయిపోయిన తరువాత కూడా నాలుగైదు రోజులు ముదురు గోధుమరంగులో కొద్దికొద్దిగా కనబడుతూ ఉంటుంది, పొత్తికడుపు బరువుగా లాగుతూ ఉంటుంది. దీన్ని చెప్పుకోవడానికి మన ఆడవాళ్లకు సరైన మాట కూడా లేదు. ఇంకా శుభ్రం కాలేదంటారు, పూజ గదిలోకి వెళ్లవచ్చా కూడదా అని మథనపడతారు, స్కానింగు దాకా మాత్రం రారు.

ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లులకు ముప్పై అయిదు దాటాక కొత్తగా మొదలయ్యే నొప్పి మరో తరహాది. పెదజాలరిపేట నుంచి గంపతో వచ్చి మా ఎంవీపీ కాలనీ వీధుల్లో చేపలమ్మే ఆవిడ ఒకరు, చాలా ఏళ్లుగా మా ఇంటికి వాడుక, ఒకరోజు మెట్ల మీద కూలబడి, ‘చిన్నప్పుడు ముట్టొచ్చినాక ఒక్క పూట నొప్పమ్మా. ఇప్పుడు రాకముందు నాలుగు రోజుల నుంచే నడుం ఇరిగిపోతంది, గడ్డలు గడ్డలు పడిపోతంది, గంప ఎత్తలేకపోతన్నాను’ అన్నది. వైద్యులు అడగవలసిన నాలుగు ప్రశ్నలకూ ఆ రెండు వాక్యాల్లో జవాబులున్నాయి: నొప్పి ఎప్పుడు, ఎక్కడ, రక్తం ఎంత, మునుపటికీ ఇప్పటికీ తేడా ఏమిటి. ఆమెకు స్కానింగులో ఎడినోమయోసిస్ అని తేలింది. అంటే గర్భసంచి లోపలి పొర దాని కండరం గోడలోకే చొచ్చుకుపోయి పెరగడం. కాన్పులు అయినవారిలో, గర్భసంచి మీద ఇంతకుముందు ఆపరేషన్లు జరిగినవారిలో ఇది ఎక్కువగా కనబడుతుంది. నెలనెలా అంత రక్తం పోతున్నందువల్ల ఆమె హిమోగ్లోబిన్ కూడా పడిపోయి ఉంది. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు చేతిలో పెట్టేవారు కనబడతారు గాని రక్తం ఎటు పోతోందని అడిగేవారు కనబడరు.

గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డల గురించి పత్రికలు తరచు రాస్తూనే ఉంటాయి కనుక వదిలేస్తున్నాను. కాన్పు అయిన 48 గంటలలోపు వేసే కాపర్-టి వల్ల మొదటి కొన్ని నెలలు ముట్టు ఎక్కువగా, నొప్పిగా రావచ్చు, తరువాత సాధారణంగా సర్దుకుంటుంది. వేసేటప్పుడే ఈ మాట విడమరిచి చెబితే కంగారుపడి తీయించేసుకునేవారు తగ్గుతారు. జ్వరమో, దుర్వాసనతో తెల్లబట్టో తోడైతే మాత్రం ఆగకుండా వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఇక మన ఆడవాళ్లు అన్నింటికన్నా ఎక్కువగా నిందించేది కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ను. ‘ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నాకీ నొప్పి’ అన్న మాట నేను వినని వారం లేదు. ట్యూబులు ముడివేయడం ముట్టు నొప్పిని పెంచదని 2000లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. మరి వీళ్లు అబద్ధం చెబుతున్నారా అంటే, లేదు. మన రాష్ట్రంలో ఆ ఆపరేషన్ చాలామందికి రెండో కాన్పుతోపాటే, తరచు అదే సిజేరియన్ కోతలోనే జరిగిపోతుంది. కాన్పు, కోత, ట్యూబుల ఆపరేషన్ అన్నీ ఒకే తేదీన జరిగినప్పుడు ఆ తరువాత వచ్చిన నొప్పిని దేనికి జమకట్టాలో ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? ‘ఆపరేషన్‌కీ దీనికీ సంబంధం లేదు’ అని పంపించేయడం కన్నా, సంబంధం దేనితో ఉందో వెతకడం మా పని.

వెతకని చోట ఏం జరుగుతుందో మన లెక్కలే చెబుతాయి. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, రాష్ట్రాలన్నింటిలో మొదటి స్థానం మనదే. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దానితో పనేముంది’ అన్న ఒక్క మాటతో ముప్పై రెండేళ్ల మనిషి ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కొన్ని జబ్బులకు గర్భసంచి తీయడం సరైన చికిత్సే, కాదనను. కానీ దానికి ముందు మందులు ఉన్నాయి, హార్మోన్ మాత్రలు ఉన్నాయి, లోపల ఉండి కొద్దికొద్దిగా హార్మోన్ వదిలే లూప్ ఉంది. జాలరిపేట ఆవిడ ఆ లూపుతోనే మళ్లీ గంప ఎత్తుతున్నది. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీసేస్తే ముట్లుడిగిన వయసు ఒక్కసారిగా మీదపడుతుందని, ఎముకలు గుల్లబారే ముప్పు, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయని చీటీ రాసేటప్పుడే చెప్పాలి.

పాలిచ్చే తల్లి నొప్పి మాత్ర ముట్టుకోకూడదన్న నమ్మకం గురించి కూడా రెండు మాటలు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలలోకి వెళ్లేది చాలా స్వల్పం. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం లేని బాలింతలకు వైద్యులు వీటిని రాస్తూనే ఉంటారు. ఐబుప్రొఫెన్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయి కనుక నొప్పి ముదిరాక కంటే మొదలవుతుండగానే, ఏదైనా తిని వేసుకుంటే బాగా పనిచేస్తాయి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మెఫెనమిక్ ఆమ్లం మాత్రల విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. ఒంటిపై దద్దుర్లు, జ్వరంతో మొదలై లోపలి అవయవాలను దెబ్బతీసే అరుదైన దుష్ప్రభావం గురించి భారత ఫార్మకోపియా కమిషన్ 2023 చివరలో హెచ్చరిక జారీ చేసింది.

నేను కోరుతున్నదానికి కొత్త పథకమూ అక్కర్లేదు, కొత్త భవనమూ అక్కర్లేదు. కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త మొదటి 42 రోజులలో పలుమార్లు వెళుతుంది. ఆమె చూసేది ముఖ్యంగా బిడ్డ బరువు, బొడ్డు, పాలు తాగే తీరు. అప్పటికి చాలామంది తల్లులకు ముట్టే మొదలు కాదు, అడిగినా చెప్పడానికి ఏమీ ఉండదు. కానీ అదే తల్లి బిడ్డకు 9 నెలలు నిండాక మీజిల్స్–రుబెల్లా టీకాకు, తరువాత 16 నుంచి 24 నెలల మధ్య బూస్టరుకు, బిడ్డను చంకనేసుకుని ఆరిలోవ అయినా గాజువాక అయినా తన దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. ముట్టు తిరిగి గాడిన పడే కాలం సరిగ్గా అదే. సూది వేశాక బిడ్డతో అరగంట కూర్చోబెడతారు. ఆ అరగంటలో టీకాలు వేసే ఏఎన్ఎం ఆ తల్లిని పక్కకు పిలిచి, ముట్టు మొదలైందా, కాన్పుకు ముందున్న నొప్పికీ ఇప్పటి నొప్పికీ చోటులో గాని రోజులో గాని తేడా ఉందా, మాత్రతో తగ్గుతోందా, ముట్టు లేని రోజుల్లోనూ, భర్తతో కలిసినప్పుడూ నొప్పి ఉంటోందా అని అడిగి, జవాబులు తల్లీబిడ్డల కార్డులోనే రాసి, తేడా కనబడినవారిని కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్), ఆడవాళ్ల ఘోషా ఆసుపత్రికో పంపితే చాలు. (ఘోషా అంటే పరదా. ఆసుపత్రిలో పరదా ఎప్పుడో తీసేశారు.) ఏఎన్ఎంలకు ఇప్పటికే తలకు మించిన పని ఉందని నాకు తెలుసు. నగరంలో నావంటి రిటైరైన నర్సులు చాలామందిమి ఉన్నాం, టీకాల రోజున పిలిస్తే వచ్చి కూర్చుంటాం. కుర్చీ, తెర ఇస్తే చాలు.

మీకు ఉత్తరం రాసిన అమ్మాయికి మాత్రం మరో జవాబు వేయవలసిందిగా కోరుతున్నాను. ఆమె వయసులో వచ్చే నొప్పి చాలావరకు ప్రమాదం లేనిదే, మాత్రలకు లొంగేదే. మూడు నెలలు సరిగ్గా మందు వాడినా లొంగకపోతే, ఏటికేడు పెరుగుతుంటే, ముట్టు రోజుల్లో మలవిసర్జనకు వెళితే నొప్పి వస్తుంటే, ఎండోమెట్రియోసిస్ ఉందేమో చూడాలి; సంతానవయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి అది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. దానికి గర్భం మందు కాదు. పైగా అది ఉన్నవారిలో కొందరికి గర్భం రావడమే ఆలస్యమవుతుంది, అప్పుడు ‘ఒక కాన్పు అయితే’ అన్న మాట ఆ పిల్లకు ఎలా వినబడుతుందో ఊహించండి. ఇరవై ఏళ్లు నిండని పిల్ల కడుపునొప్పికి మందు అడిగితే పెళ్లి సంబంధం చెప్పడం వైద్యం అనిపించుకోదు.

ఇందులో మా అమ్మాయి విషయం ఉన్నది కనుక నా పేరు వేయవద్దని మనవి. ఆమెకు చదివి వినిపించాకే పోస్టు చేస్తున్నాను. ఉసిరికాయంత కాదు, నిమ్మకాయంత ఉండేదని దిద్దించమంది. నాకు గుర్తున్నది ఉసిరికాయే గనుక అలాగే ఉంచాను.

ఇట్లు,
రిటైర్డ్ హెడ్ నర్సు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.